ఐ 1.2 ఎవరిది?

నరసరావుపేటలో ఒక ప్యానెల్ షాపు ఉండేది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, దాచేపల్లి వైపు రాతి క్రషర్లకూ, చిలకలూరిపేట జిన్నింగు మిల్లులకూ కంట్రోలు ప్యానెళ్లు కట్టివ్వడం వాళ్ల వృత్తి. షాపుకు పెద్దదిక్కు ఒక మేస్త్రి. ఆయన వైరింగు చేసిన ప్యానెల్ తలుపు తీస్తే ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందో కొత్తవాడికైనా తెలిసిపోయేది.

డ్రాయింగులు గీసేది గురజాల కుర్రాడు. డిప్లొమా అయిపోగానే వచ్చి చేరాడు. చురుకైనవాడు, పని మీద ప్రేమ ఉన్నవాడు. అతను చేరిన కొత్తలో, యంత్రాలను ప్రోగ్రాము ప్రకారం నడిపే పీఎల్‌సీ అడ్రసులన్నీ డ్రాయింగు మీద ఒక్కొక్కటిగా చేత్తోనే టైపు చేసేవాళ్లు. ఇన్‌పుట్‌కు ఐ, అవుట్‌పుట్‌కు క్యూ, ఆ పక్కన బైటు నంబరు, చుక్క, బిట్టు నంబరు. ఐ 0.0 నుంచి ఐ 0.7 దాకా ఎనిమిది పాయింట్లు. తర్వాతది ఐ 1.0. పొద్దుపోయాక మనిషి చెయ్యి 0.7 కింద 0.8 వేసేస్తుంది, చిన్నప్పటి నుంచీ నేర్చిన లెక్క అదే మరి. ఒకసారి ఒక జిన్నింగు మిల్లు ప్యానెల్లో రెండు లిమిట్ స్విచ్చులకు ఒకటే అడ్రసు పడింది. పేజీలు వేరు కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. బేలు ప్రెస్సు ఎందుకు మధ్యలో ఆగిపోతుందో కనుక్కోవడానికి ఒక రాత్రంతా మిల్లులోనే తెల్లారింది.

ఆ దెబ్బతో యజమాని ఎలక్ట్రికల్ డిజైన్ సాఫ్ట్‌వేరు కొన్నాడు. కుర్రాడు నెల తిరక్కుండా దాన్ని పట్టేశాడు. పదహారు పాయింట్ల కార్డు బొమ్మ పేజీలో పెట్టి మొదటి అడ్రసు ఒక్కటి ఇస్తే మిగతా పదిహేనూ అదే లెక్కేసుకునేది. ఎనిమిది నిండగానే బైటు మార్చేది. ఒకే అడ్రసు రెండు చోట్ల పడితే ఫలానా పేజీలో తప్పుందని చెప్పేది. అడ్రసు నుంచి తీగ నంబరు, తీగ నంబరు నుంచి తీగ చివర తొడిగే ఫెర్రుల్ ప్రింటు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. మేస్త్రి కొత్త డ్రాయింగును వేలు పెట్టి చదివి, "బాగుందిరా అబ్బాయ్, ఇంక ఆ 0.8 పీడ వదిలింది" అన్నాడు. మనస్ఫూర్తిగా మెచ్చుకునే అన్నాడు.

కొన్నాళ్లకు దాచేపల్లి దగ్గర ఒక సున్నపురాయి క్రషర్‌కు ప్యానెల్ కుదిరింది. రాయిని ముందుకు తోసే ఫీడరు, జా క్రషరు, జల్లెడ, నాలుగు బెల్టు కన్వేయర్లు, దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టరు. 16 పాయింట్ల ఇన్‌పుట్ కార్డులు నాలుగు పెడితే 64 ఇన్‌పుట్లు. వాటిలో 57 వాడకంలోకి వచ్చాయి. కుర్రాడు పేజీలన్నీ గీసి అడ్రసింగు బటను నొక్కాడు. పేజీలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే అడ్రసులు పడ్డాయి. కన్వేయర్ 1 రెడీ ఐ 0.3, రన్ ఐ 0.4, జీరో స్పీడ్ (బెల్టు ఆగిందని చెప్పేది) ఐ 0.5. కన్వేయర్ 2 కు ఐ 0.6, 0.7, 1.0. క్రషర్ రెడీ ఐ 1.1. క్రషర్ రన్ ఐ 1.2. ఆఖరుది ఐ 7.0.

జాబితా హైదరాబాదులో ప్రోగ్రాము రాసే అమ్మాయికి వెళ్లింది. ఇక్కడ మేస్త్రి ఫెర్రుల్సు ఎక్కించి, టెర్మినళ్లకు నంబర్లు తగిలించి, ప్యానెల్ పూర్తిచేశాడు. వాడని పాయింట్లకు కూడా టెర్మినళ్లు కట్టి ఉంచడం ఆయన అలవాటు. ఒక్కో టెర్మినల్‌కు 24 వోల్టులు తాకించి, కార్డు మీద దీపం వెలిగిందో లేదో చూసి, జాబితాలో టిక్కు పెట్టాడు. అన్నీ సరిపోయాయి.

ప్యానెల్ లారీ ఎక్కాక క్రషర్ వాళ్ల దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మొదటి కన్వేయర్ పొడవు పెంచుతున్నారు, దాని పక్కన పుల్ కార్డ్ స్విచ్చు పెడుతున్నారు. బెల్టు పొడుగునా కట్టిన తాడును ఎక్కడ లాగినా బెల్టు ఆగాలి. ఆ స్విచ్చు కాంటాక్టరును నేరుగానే ఆపేస్తుంది, కానీ ఏ బెల్టు తాడు లాగారో తెర మీద కనపడాలంటే పీఎల్‌సీలో ఒక పాయింటు కావాలి.

కుర్రాడు కన్వేయర్ 1 పేజీ తెరిచి, జీరో స్పీడ్ కింద ఆ స్విచ్చు గీశాడు. ఉండాల్సిన చోటే ఉంది, పేజీ ముచ్చటగా ఉంది, అడ్రసు గడి మాత్రం ఖాళీ. మళ్లీ అదే బటను నొక్కాడు. అన్నిటికీ కొత్తగా అడ్రసులు ఇవ్వమంటావా అని సాఫ్ట్‌వేరు అడిగింది. ఇవ్వమన్నాడు.

పుల్ కార్డ్‌కు ఐ 0.6 వచ్చింది. దాని వెనక ఉన్నవన్నీ తలా ఒక అడుగు జరిగాయి. కన్వేయర్ 2 రెడీ 0.7 అయింది, క్రషర్ రెడీ 1.2 అయింది, క్రషర్ రన్ 1.3 అయింది. ఆఖరుది 7.1 కు చేరింది. తప్పులేమైనా ఉన్నాయేమో చూడమంటే ఒక్కటీ లేదని సాఫ్ట్‌వేరు చెప్పింది. నిజమే, డ్రాయింగు లోపల ఒక్క తప్పూ లేదు.

ఆ డ్రాయింగు నుంచే ఫీల్డు కేబుళ్ల ట్యాగులు ప్రింటయ్యాయి. సైటులో కేబుళ్లు లాగినవాళ్లు వేరే మనుషులు. చేతిలో ఉన్న కాయితం చూసి, 1.3 అని ట్యాగు ఉన్న కోరును 1.3 అని రాసి ఉన్న టెర్మినల్‌కు బిగించారు. వాళ్లను అనడానికేమీ లేదు. ప్యానెల్ పాత జాబితా ప్రకారం కట్టింది, ప్రోగ్రాము పాత జాబితా ప్రకారం రాసింది, కేబుళ్లు కొత్త జాబితా ప్రకారం వచ్చి వాటికి తగులుకున్నాయి.

ట్రయల్ రోజు వచ్చింది. సాయంత్రానికల్లా రాయి పొయ్యాలని యూనిట్ వాళ్ల తొందర. "పాయింట్లన్నీ షాపులో చూశాం గదా బాబాయ్, నేరుగా నడిపేద్దాం" అన్నాడు కుర్రాడు.

"షాపులో ప్యానెల్ చూశాం. కేబులు చూళ్లేదు" అన్నాడు మేస్త్రి. "హాపర్లో రాయి పొయ్యొద్దని చెప్పు. ముందు జరక్కూడనిది జరక్కుండా ఉందో లేదో చూద్దాం."

క్రషర్ ఆపి ఉంచమన్నాడు. ఫీడర్ స్టార్ట్ నొక్కమన్నాడు. క్రషర్ తిరగనిదే ఫీడర్ కదలకూడదు, ఆ ఇంటర్‌లాక్ కోసమే పీఎల్‌సీ పెట్టింది. హూటర్ మోగింది. ఫీడర్ గడగడా ఊగడం మొదలుపెట్టింది. పక్కన క్రషర్ ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంది.

మేస్త్రి ఎమర్జెన్సీ స్టాప్ మీద చేత్తో ఒక్కటి కొట్టాడు. అది పీఎల్‌సీతో పని లేకుండా నేరుగా కట్టింది కాబట్టి అంతా ఆగింది.

ప్రోగ్రాము క్రషర్ తిరుగుతోందా అని ఐ 1.2 ను అడుగుతుంది. ఇప్పుడు ఆ టెర్మినల్ మీద ఉన్నది క్రషర్ రెడీ. కరెంటు సరిగ్గా ఉండి ఓవర్‌లోడ్ ట్రిప్పు కానంతసేపూ ఆ పాయింటు వెలుగుతూనే ఉంటుంది. అంటే ప్రోగ్రాము లెక్కలో క్రషర్ పగలూ రాత్రీ తిరుగుతూనే ఉన్నట్టు. హాపర్ నిండా రాయి ఉండుంటే, ఆగి ఉన్న దవడల మధ్య అది మూతిదాకా నిండి బిగుసుకుపోయేది. దాన్ని తియ్యాలంటే మనుషులు లోపలికి దిగి గడ్డపారలు పట్టాలి. అట్లా దిగినప్పుడే క్రషర్లలో ప్రాణాలు పోయేది.

హైదరాబాదుకు ఫోను చేశారు. "మీరు పంపిన జాబితాయే సార్ నా దగ్గరుంది, దాని మీద మీ తేదీ కూడా ఉంది" అంది ఆ అమ్మాయి. కేబుళ్ల వాళ్లు తమ డ్రాయింగు తెచ్చి చూపించారు, దాని మీదా తేదీ ఉంది. కుర్రాడి మొహం పాలిపోయింది. "సాఫ్ట్‌వేరు చెడగొట్టింది బాబాయ్" అన్నాడు.

"దాన్నెందుకంటావురా? నువ్వు వెయ్యమన్న లెక్క అది తప్పు లేకుండా వేసింది. ఐ 1.2 ఎవరిదో చెప్పు."

"క్రషర్ రన్‌ది."

"ఎవరిచ్చారు?"

"నేనే."

"ఇచ్చాక అది ఎవరెవరి దగ్గరికి పోయింది?"

కుర్రాడు వేళ్లు మడిచి చెప్పాడు. ప్రోగ్రాములో ఉంది. ఫెర్రుల్ మీద ఉంది. టెర్మినల్ మీద ఉంది. ఆపరేటర్ తెర మీద ఉంది. యూనిట్ ఎలక్ట్రీషియన్ ఫైల్లో ఉంది.

"వాళ్లలో ఎవర్ని అడిగి మార్చావు?"

కుర్రాడు మాట్లాడలేదు. మేస్త్రి గొంతు తగ్గించాడు. "మన జిల్లా 2022లో కొత్తగా వచ్చిందా లేదా? గుంటూరు జిల్లా అని రాసేవాళ్లం, ఇప్పుడు పల్నాడు జిల్లా అని రాస్తన్నాం. నరసరావుపేట పిన్‌కోడు మాత్రం 522601 గానే ఉంది. మధ్యలో జిల్లా ఒకటి పుట్టింది గదా అని దేశంలో పిన్‌కోడ్లన్నీ ఒక్కో అంకె జరిపుంటే మా అమ్మాయికి పంపిన మనియార్డరు ఏ ఊరు పోయేదో ఆలోచించు. పేరు మారినా నష్టం లేదబ్బాయ్. ఉత్తరం తిరిగే నంబరు కదిలిస్తే ఆపద."

ఆ రాత్రి పాత జాబితానే నిలబెట్టారు. కేబుళ్లు విప్పి పాత వరుసలో బిగించారు. పుల్ కార్డ్‌కు నాలుగో కార్డులో ఖాళీగా ఉన్న ఐ 7.1 ఇచ్చారు. ప్రోగ్రాములో ఆ ఒక్క పాయింటే కొత్తగా చేరింది. "కన్వేయర్ 1 పాయింట్లన్నీ ఒకచోట ఉండి ఇదొక్కటి ఎక్కడో ఆఖర్న ఉంటే చూడ్డానికి బాగాలేదు బాబాయ్" అన్నాడు కుర్రాడు. "బాగుండక్కర్లా. వెతికితే దొరకాలి, దొరికింది నిజమవ్వాలి" అన్నాడు మేస్త్రి. తెల్లవారుజామున ఒకడు ఫీల్డులో నిలబడి ఒక్కో స్విచ్చూ చేత్తో కదిలిస్తుంటే, ఇంకొకడు ప్యానెల్ దగ్గర దీపం చూసి కేకేస్తుంటే, 58 పాయింట్లూ మొదట్నుంచి సరిచూశారు. ఆ తర్వాతే రాయి పోశారు.

తర్వాతి ప్యానెల్‌కు కుర్రాడు పేజీ తెరవకముందే హైదరాబాదుకు ఫోను చేశాడు. ఏ పీఎల్‌సీ, ఏ స్లాటులో ఏ కార్డు, ఏ కార్డు ఏ బైటు దగ్గర మొదలవుతుంది, అన్నీ రాసుకున్నాడు. కార్డుల మొదటి అడ్రసులు తానే ఇచ్చాడు. క్రషర్ కార్డు క్రషర్‌కే, కన్వేయర్ల కార్డు కన్వేయర్లకే, ప్రతి కార్డులో మూడేసి నాలుగేసి పాయింట్లు ఖాళీ. పేజీల వరుసను పట్టించుకోకుండా, పాయింటు ఏ కార్డులో ఏ చానల్‌లో కూర్చుందో దాన్నిబట్టే అడ్రసు వచ్చేట్టు పెట్టాడు. జాబితా బయటికి వెళ్లిన రోజున ఉన్న అడ్రసులకు తాళం వేశాడు. ఆ తర్వాత బటను నొక్కినా ఖాళీ గడులకే నంబర్లు పడతాయి.

మేస్త్రి డ్రాయింగు చేతికి తీసుకుని అడిగాడు. "మధ్యలో కొత్త స్విచ్చు వచ్చిందంటే?"

"ఆ కార్డులోనే జాగా ఉంది బాబాయ్. లేకపోతే ఆఖర్న పెడతా. ఉన్నోళ్లని మాత్రం కదిలించను."

నీతి

ఇచ్చిన అడ్రసు ఇచ్చినవాడి సొత్తు కాదు, దాన్ని నమ్మి పని మొదలుపెట్టినవాళ్ల సొత్తు. అందుకే ఆటోమేటిక్ అడ్రసింగు నియమాలు మొదటి పాయింటు పడకముందే తేల్చుకోవాలి, జాబితా గడప దాటాక ఆ బటను ఖాళీలు నింపడానికే వాడాలి.

ఈ నీతికి మూలం పీఎల్‌సీ పుట్టుకలోనే ఉంది. 1960ల్లో అమెరికా కార్ల కర్మాగారాల్లో యంత్రాలను నడిపింది రిలే ప్యానెళ్లు. కారు మోడలు మారినప్పుడల్లా గోడల పొడుగునా ఉన్న ఆ రిలేల తీగలు విప్పి మళ్లీ కట్టాలి. జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ విభాగం 1968లో దీనికి బదులు ఏదైనా కావాలని అడిగింది. డిక్ మోర్లే ఉన్న బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్ బృందం తయారుచేసిన యంత్రం మోడికాన్ 084. అది ఆ సంస్థకు 84వ ప్రాజెక్టు, ఆ అంకె అక్కణ్ణుంచే వచ్చింది. ఆ యంత్రం తెచ్చిన గొప్ప మేలు ఒకటుంది: తీగను ముట్టుకోకుండా తర్కాన్ని మార్చుకోవచ్చు. తీగకూ తర్కానికీ నడుమ కదలకుండా నిలబడే అడ్రసు వల్లే అది కుదిరింది. అన్నిటికీ కొత్త అడ్రసులు ఇచ్చే బటను నొక్కినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. తీగ ఉన్నచోటే ఉంటుంది, ప్రోగ్రాము ఉన్నట్టే ఉంటుంది, రెంటినీ కలిపే పేరొక్కటే చేతులు మారుతుంది. మోర్లే తరం మనకు ఇచ్చిన ఆ మేలును మనమే డ్రాయింగు బల్ల మీద పోగొట్టుకుంటున్నాం.

కథలో కుర్రాడి సాఫ్ట్‌వేరు పేజీల వరుసలో అడ్రసులు వేసింది. పేజీ వరుస మనిషి చదువుకునే సౌకర్యం కోసం ఏర్పడింది. పీఎల్‌సీకి ఆ వరుస తెలియదు, దానికి తెలిసింది ర్యాకు, స్లాటు, చానల్ మాత్రమే. పాత ప్యానెళ్లలో కనిపించే సీమెన్స్ ఎస్7-300నే తీసుకుందాం. మామూలు అమరికలో స్లాటు 1 పవర్ సప్లైది, 2 సీపీయూది, 3 ర్యాకులను కలిపే మాడ్యూల్‌ది. సిగ్నల్ కార్డులు 4వ స్లాటు నుంచి మొదలవుతాయి. ఒక్కో స్లాటుకు డిజిటల్ కార్డు కోసం నాలుగేసి బైట్లు కేటాయిస్తారు, కాబట్టి 4వ స్లాటు 0 దగ్గర, 5వది 4 దగ్గర, 6వది 8 దగ్గర మొదలవుతాయి. 16 పాయింట్ల కార్డు రెండు బైట్లే వాడుకున్నా, మిగిలిన రెండింటిని పక్క కార్డు ఎత్తుకుపోదు. అనలాగ్ కార్డుల వరుస వేరు. 4వ స్లాటుకు 256 దగ్గర మొదలై స్లాటుకు 16 చొప్పున పెరుగుతుంది. డ్రాయింగు సాఫ్ట్‌వేరుకు ఈ సంగతి చెప్పకుండా వరుసగా లెక్కపెట్టమంటే రెండో కార్డును బైటు 2 దగ్గరే మొదలుపెడుతుంది. డ్రాయింగులో ఐ 2.0 అని ఉన్న పాయింటు యంత్రంలో ఐ 4.0 దగ్గర వెలుగుతుంది.

చిన్న పీఎల్‌సీల్లోనూ ఇదే. ఎస్7-1200 లో సీపీయూ 1214సీ కి ఒంటి మీదే 14 డిజిటల్ ఇన్‌పుట్లు ఉంటాయి, ఐ 0.0 నుంచి ఐ 1.5 దాకా. అక్కడితో ఆగిపోతుంది. ఐ 1.6, 1.7 లకు బిగించే టెర్మినలే లేదు. పక్కన తగిలించిన కార్డు మామూలుగా ఐ 8.0 దగ్గర మొదలవుతుంది. ఆ సీపీయూలోనే ఉన్న రెండు అనలాగ్ ఇన్‌పుట్లు 64, 66 దగ్గర ఉంటాయి, ఎందుకంటే అనలాగ్ విలువ ఒక్కొక్కటి రెండు బైట్ల చోటు తీసుకుంటుంది. ఒక్కో అంకె పెంచుకుంటూ పొమ్మంటే సాఫ్ట్‌వేరు రెండోదానికి 65 వేస్తుంది. ఆ 65లో సగం మొదటి విలువదే. ఇంత వేడి అని, ఇంత బరువు అని తెర మీద కనిపించే అంకె అప్పుడు ఎవరికీ అర్థం కాని చెత్త.

కంపెనీని బట్టి లెక్కే మారుతుంది. మిత్సుబిషి ఎఫ్ఎక్స్ వరుసలో ఎక్స్ 7 తర్వాత వచ్చేది ఎక్స్ 10. ఎనిమిది, తొమ్మిది ఆ లెక్కలో ఉండవు. మోడికాన్ పద్ధతిలో ఇన్‌పుట్లు 10001 తో మొదలవుతాయి, సున్నాతో కాదు. జర్మనీ నుంచి వచ్చిన డ్రాయింగుల్లో ఐ కి బదులు ఈ, క్యూ కి బదులు ఏ ఉంటాయి. విదేశీ యంత్రం కొన్న మిల్లులో మన ఎలక్ట్రీషియన్ ఆ ఏ ని చూసి అనలాగ్ అనుకున్నాడంటే తప్పు అతనిది కాదు, ఆ ప్యానెల్ పక్కన ఒక చీటీ అంటించనివాళ్లది. అందువల్ల సాఫ్ట్‌వేరులో మొదట సరిచెయ్యాల్సింది లెక్క పద్ధతి: ఎనిమిదికి ముందంకె మారాలా, పదహారుకు మారాలా, సున్నాతో మొదలా, ఒకటితో మొదలా, అక్షరం ఏది. ఆటోక్యాడ్ ఎలక్ట్రికల్‌లో కార్డు పెట్టేటప్పుడు అది మొదటి అడ్రసు అడుగుతుంది, మిగతావి దాన్నిబట్టి లెక్కేస్తుంది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర నిమిషంసేపు ఆగి, ప్రోగ్రామర్ దగ్గరున్న హార్డ్‌వేర్ అమరిక తెరిచి చూసినవాడికి తర్వాత రాత్రులు మిగులుతాయి.

డ్రాయింగు పెద్దా, ప్రోగ్రాములోని హార్డ్‌వేర్ అమరిక పెద్దా అన్న తగాదా ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. నా మటుకు నేను హార్డ్‌వేర్ అమరిక వైపే ఉంటాను. పీఎల్‌సీ నడిచేది దాన్ని చూసే, డ్రాయింగు చూసి కాదు. ఈప్లాన్ లాంటి సాఫ్ట్‌వేర్లు సీమెన్స్ పీఎల్‌సీలకు ప్రోగ్రాము రాసే టీఐఏ పోర్టల్‌తో ఆటోమేషన్ఎంఎల్ అనే ఫైలు ద్వారా కార్డులనూ అడ్రసులనూ ఇచ్చిపుచ్చుకోగలవు. ఆ సౌకర్యం ఉన్నచోట చేత్తో మళ్లీ టైపు చేయడం వృథా శ్రమ. అది లేని చిన్న షాపులో ఒక్క ఎక్సెల్ జాబితా చాలు, కానీ ఒక్కటే ఉండాలి, దాని మీద తేదీ ఉండాలి, మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి.

తీగ నంబరును అడ్రసు నుంచే పుట్టించాలా వద్దా అన్నది ఇంకో చర్చ. చిన్న ప్యానెల్‌కు పుట్టించడమే మేలంటాను. రాత్రి షిఫ్టులో ఎలక్ట్రీషియన్ ఫెర్రుల్ మీద 1.2 చూసి, కార్డు మీద 1.2 దీపం చూసి, డ్రాయింగు తెరవకుండానే విషయం తెలుసుకుంటాడు. దీనికో ఖరీదు ఉంది. చానల్ కాలిపోయి పాయింటును ఖాళీ చానల్‌కు మార్చిన రోజున ఫెర్రుల్ కూడా మార్చాలి. ఆ ఒక్క ఫెర్రుల్ మార్చే ఓపిక లేక పాతది అట్లాగే వదిలేస్తే, ఆ తీగ తర్వాత పదేళ్లు అబద్ధం చెబుతూనే ఉంటుంది.

పల్నాడులో ఈ సంగతిని తేలిగ్గా తీసుకోకూడదని నేను గట్టిగా అనడానికి కారణం ఉంది. ఈ నేల కింద సున్నపురాయి ఉంది. కేసీపీ వారి సిమెంటు ఫ్యాక్టరీ 1958లోనే మాచర్లలో మొదలైంది. ఆ తర్వాత కృష్ణ ఒడ్డు పొడుగునా సిమెంటు ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ క్రషర్లు, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు పెరిగాయి. సిమెంటు కిల్న్‌లో క్లింకర్ తయారయ్యేది సుమారు 1450 డిగ్రీల దగ్గర. అంత వేడి మీద ఉన్న కిల్న్‌ను ఒక తప్పుడు ఇన్‌పుట్ ఆపేస్తే లోపలి ఇటుక దెబ్బతింటుంది, మళ్లీ నిదానంగా వేడెక్కించుకుంటూ రావాలి. ఆ ప్యానెళ్ల ముందు నిలబడేవాళ్లు చాలామంది నరసరావుపేట, మాచర్ల, గురజాల చుట్టుపక్కల చదివిన మన పిల్లలే. వాళ్లు ప్యానెల్ తలుపు తీసినప్పుడు, దాన్ని కట్టినవాడు, గీసినవాడు, రాసినవాడు ఎవరూ అక్కడ ఉండరు. నంబరు ఒక్కటే ఉంటుంది. ఆ నంబరు నిజం చెప్పాలి.

అడ్రసులు మొత్తంగా మార్చక తప్పని రోజు కూడా వస్తుంది. పాత పీఎల్‌సీకి విడిభాగాలు దొరక్క కొత్తది పెట్టాల్సి వచ్చినప్పుడు పాత వరుస కొత్త ర్యాకులో సరిపోదు. అప్పుడు బటను నొక్కండి, భయం లేదు. నొక్కే ముందు పాత అడ్రసు, కొత్త అడ్రసు, పాయింటు పేరు, మూడూ పక్కపక్కన ఉన్న పట్టిక ఒకటి తయారుచెయ్యండి. ప్రోగ్రామర్, వైరింగు మేస్త్రి, యూనిట్ ఎలక్ట్రీషియన్, ముగ్గురి చేతా దాని మీద సంతకం పెట్టించండి. పాత ఫెర్రుల్సు కత్తిరించి తీసేశాకే కొత్తవి ఎక్కించండి, ఒకే తీగ మీద రెండు నంబర్లు ఉండనివ్వకండి. ఫీల్డులో ప్రతి స్విచ్చూ చేత్తో కదిలించి దీపం చూడండి. ప్రతి ఇంటర్‌లాక్‌నూ జరక్కూడని వైపు నుంచి ఒకసారి పరీక్షించండి. ఆ పట్టికను ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపలివైపు అంటించండి, తేదీ వేసి.